నైరుతి గోడ

మా ఇంటి నైరుతి గోడ ఎందుకు చెమ్మగిల్లుతోంది అన్న ప్రశ్నకు మా ఇంట్లో మూడు జవాబులు ఉండేవి. ఒకటి మా అమ్మది, ఒకటి మా బావగారిది, ఒకటి నాది. మూడింటిలో శాస్త్రీయమైనది నాదేనని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఆ నమ్మకానికి మూల్యం మా అమ్మ చెల్లించింది. 2022 అక్టోబరులో ఒక రాత్రి ఆవిడ మంచం కోడు నేల పలకలోకి దిగబడింది. మంచం ఒరిగింది, ఆవిడ కిందపడింది, కుడి మణికట్టు విరిగింది. అప్పటికి ఆవిడకు ఎనభై దాటాయి.

హేతువాదిని అని చెప్పుకునేవాడు ఇలాంటి కథ రాయకుండా దాచుకోవచ్చు. కానీ ఇతరుల తప్పుల మీద ఇన్ని పేజీలు రాసినవాణ్ణి, నా తప్పు మీద ఒకటి రాయకపోతే బాగుండదు.

ముందు మా ఊరి సంగతి. మాది పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ నా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. ఇక్కడ తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు, లేకపోతే వాళ్ళ పిల్లలు. మా నాన్నా అలా వచ్చినవాడే. 1978లో గుట్ట వాలులో ఒక చెక్క ఇల్లు కట్టాడు. నేల మీద కాదు, రెండడుగుల ఎత్తున గుంజల మీద. గుంజలు పడౌక్, గోడ పలకలు గర్జన్. పడౌక్ ఎర్రటి చేవ కర్ర, అంత తొందరగా చెడదు. గర్జన్ చవక, కానీ తడిస్తే ఎక్కువ కాలం ఆగదు. నాన్న దగ్గర ఉన్న డబ్బుకు గుంజలే పడౌక్ వచ్చాయి.

వాన సంగతి కూడా చెప్పాలి. విశాఖపట్నంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు పడితే ఇక్కడ సుమారు మూడు వేలు పడుతుంది. మే నెల మూడో వారం వచ్చేసరికి మీ పేపర్లలో ఏటా ఒకే వాక్యం వస్తుంది: "నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి." ఆ తాకేది మా గోడనే అని మా ఇంట్లో ఒక హాస్యం. నైరుతి గాలి తోసుకొచ్చే వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. అది తగ్గాక ఈశాన్య రుతుపవనాలు. డిసెంబరు వరకూ చెక్కకు ఆరే తీరిక ఉండదు.

2006లో బయటి పలకలు పాతబడ్డాయని వాటి మీద జి.ఐ. రేకులు కొట్టించాను. ఇక్కడ చాలా ఇళ్ళకు ఇదే పద్ధతి. చెక్క గోడ, దాని మీద రేకు, రేకు మీద రంగు. బయటినుంచి చూస్తే ఇల్లు కొత్తదిలా కనపడింది. మూడు నాలుగేళ్ళకు లోపలివైపు, కిటికీ కింద, అరచేయంత మరక వచ్చింది.

ఇప్పుడు ఆ మూడు జవాబుల సంగతి.

మా బావగారిది వాస్తు. నైరుతి మూల బరువుండాలి, అక్కడ నీరు చేరకూడదు, చేరితే ఇంటి పెద్దకు కీడు. అమ్మ మంచం అక్కణ్ణుంచి తీసేసి, మూలలో రాగి రేకు పెట్టమన్నారు. "బావగారూ, మన ఊళ్ళో నైరుతి నుంచి వాన రాకుండా ఉండాలంటే రాగి రేకు గోడకు కాదు, సముద్రానికి పెట్టాలి" అన్నాను. అందరూ నవ్వారు. నేను గెలిచాననుకున్నాను.

అమ్మది వేరు. "రాత్రిపూట గోడలో నీల్లు నడుస్తన్న సప్పుడవుతంది రా. మీ నాన కట్టిన గోడ ఏడస్తంది" అనేది. ఇంకోసారి, "ఈ గదిలో పాత బియ్యం మూట వాసనొస్తంది" అంది. చప్పుడు బల్లులదనీ, వాసన వయసు వల్ల వచ్చిన భ్రమ అనీ చెప్పాను. నాన్న పోయాక ఆవిడకు బెంగ పెరిగిందని మా ఆవిడతో అన్నాను కూడా.

నాది 2004 సునామీ సిద్ధాంతం. ఆ డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచింది, దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కిందికి దిగింది. సిప్పీఘాట్ వైపు వరి పొలాలు సముద్రపు నీటి కింద పడి, మళ్ళీ పొలాలు కాలేదు. ఇది నిజం. బడిలో పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేవాణ్ణి. దీనికి నేను కలిపింది ఏమిటంటే, నేల దిగింది కాబట్టి భూమిలో నీటి మట్టం పెరిగింది, కేశనాళికా చర్య వల్ల ఆ చెమ్మ గోడలోకి ఎగబాకుతోంది, అందుకే మరక. వినడానికి ఎంత బాగుందో చూడండి! భూకంపం ఉంది, భౌతికశాస్త్రం ఉంది. ఒక్క పరీక్ష మాత్రం లేదు.

పరీక్ష లేకపోయినా వైద్యం ఆగలేదు. మరక కనపడినప్పుడల్లా గీకి, లప్పం పెట్టి, రంగు వేయించాను. నాలుగుసార్లు. చివరిసారి సున్నం రంగు మానేసి ప్లాస్టిక్ పెయింట్ వేయించాను, నీరు బయటికి కనపడదు కదా అని. 2019లో ఎలుకలు దూరుతున్నాయని రేకుల అడుగు అంచు పొడవునా సిమెంటు పెట్టించాను. మరక నిజంగానే కనపడటం మానేసింది. నా సిద్ధాంతం నాకే రుజువైనట్టు అనిపించింది.

ఆ తర్వాత మూడేళ్ళకు మంచం కోడు దిగబడింది.

2023 జనవరిలో, వానలు పూర్తిగా ఆగాక, ఒక పెద్ద మిస్త్రీని పిలిచాను. టెక్కలి వైపు మనిషి, నలభై ఏళ్ళుగా ఇక్కడ చెక్కపని చేస్తున్నాడు. ఆయనకు నా సునామీ సిద్ధాంతం వివరంగా చెప్పాను. ఆయన ఇంటి కింద వంగి చూసి, లేచి, తలగుడ్డ సర్దుకుని అన్నాడు: "మేష్టారూ, ఇల్లు నేల మీద నేదు కదండీ, కాల్ల మీద ఉంది. నేల్లో నీరు గాల్లో ఎగిరి గోడెక్కుతాదేటండీ?"

నలభై ఐదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నవాణ్ణి నేను. చెమ్మ గుంజల్లోంచే ఎక్కిందని వాదిద్దామనుకున్నాను. కానీ గుంజల అడుగు భాగాలు గట్టిగా ఉన్నాయి. పాడైంది పైన. నేలలోంచి ఎగబాకే చెమ్మ అయితే కిందినుంచి మొదలవ్వాలి, అన్ని గోడలకూ రావాలి, ఎండాకాలంలోనూ ఉండాలి. మా మరక కిటికీ పక్కన మొదలై కిందికి వచ్చింది, ఒక్క గోడకే వచ్చింది, గాలివాన కొట్టిన రోజునే తడిసింది. ఈ మూడూ నాకు ముందునుంచీ తెలిసిన విషయాలే. నా సిద్ధాంతానికి పనికిరావు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రోజే పైపుతో పరీక్ష పెట్టాం. ఇది ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టి వివరంగా చెబుతాను. లోపల ఒకరు నిలబడాలి, బయట ఒకరు గోడ మీద నీళ్ళు కొట్టాలి. ఎప్పుడూ కిందినుంచి మొదలుపెట్టాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు గోడంతా తడిపేస్తాయి, ఎక్కడ దూరాయో తెలియదు. ఒక్కో ఎత్తున పది పదిహేను నిమిషాలు ఆగాలి. రేకు అడుగున కొట్టాం, లోపల ఏమీ లేదు. కిటికీ కింద కొట్టాం, లేదు. కిటికీ పక్కన, లేదు. కిటికీ నెత్తిన ఎడమ మూల కొట్టిన ఏడో నిమిషానికి లోపలినుంచి మా ఆవిడ కేకేసింది. అమ్మ కట్టు కట్టిన చేత్తో గుమ్మంలో కూర్చుని ఉంది. "అదే సప్పుడు" అంది.

రేకులు విప్పాం. ఎడమ మూలలో జానెడు వెడల్పు రేకు ముక్క ఒకటి ఉంది. దాని కింది రేకు అంచు ఆ ముక్క మీదికి వచ్చి ఉంది. అంటే పైనుంచి జారే నీరు కింది రేకు ముఖం మీదికి పోకుండా దాని వెనక్కి పోతుంది. పెంకుటిల్లు నేసేవాడెవడూ కింది పెంకును పై పెంకు మీదికి వేయడు. ఇక కిటికీ నెత్తిన నీటిని బయటికి మళ్ళించే రేకు మడత అసలు లేనే లేదు. "ఈ ముక్క ఎవులు పెట్టించినారండీ?" అని మిస్త్రీ అడిగాడు.

నేనే. 2006లో ఆ మూలకు రేకు తగ్గింది. "మళ్ళీ బజారుకు ఎవరు వెళ్తారు, ఆ ముక్క దూర్చెయ్యండి" అన్నది నేనే. ఆ మాట అన్న సంగతి అప్పటిదాకా గుర్తు లేదు. ముక్క చూడగానే గుర్తొచ్చింది.

లోపల చూసింది కూడా చెప్పాలి. గర్జన్ పలకలు గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు మట్టిలా గళ్ళు గళ్ళుగా పగిలి, వేలితో నలిపితే పొడి అయ్యాయి. అది చెదల పని కాదు, శిలీంధ్రం కలపలోని సెల్యులోజును తిన్న గుర్తు. తడికి చెదలు కూడా వచ్చి మట్టి గొట్టాలు కట్టాయి. మేకులు తుప్పుపట్టి తలలు ఊడిపోయాయి. నేల పలకల కొనలు ఆనే అడుగు దూలం మధ్యభాగం స్పాంజిలా ఉంది. మంచం కోడు దిగింది సరిగ్గా అక్కడే. నాన్న పెట్టిన పడౌక్ గుంజ మాత్రం పైన అర అంగుళం మెత్తబడింది, లోపల చేవ అలాగే ఉంది.

ఇంకో విషయం. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా విప్పని రేకు వెనక చెయ్యి పెడితే తడి తగిలింది. రాత్రి వాన లేదు. రేకు రాత్రికి చల్లబడుతుంది, ఇక్కడి గాలిలో ఉండే తేమ దాని లోపలివైపు చెమటలా పడుతుంది. పలకకూ రేకుకూ మధ్య ఖాళీ లేదు, అడుగున నేనే సిమెంటు పెట్టించాను, లోపలివైపు నేనే ప్లాస్టిక్ పెయింట్ వేయించాను. నీరు రావడానికి ఒక దారి ఉంటే, పోవడానికి ఉన్న దారులన్నీ నేను మూసేశాను. కలపలో తేమ 20 శాతానికి లోపు ఉంటే శిలీంధ్రం పెరగలేదు. నేను మరకను దాచడానికి చేసిన ప్రతి పనీ ఆ తేమను లోపలే నిలిపింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. కెనడాలోని వాంకూవర్‌లో 1980, 90లలో కట్టిన వేలాది అపార్ట్‌మెంట్లు ఇలాగే గోడల లోపల కుళ్ళాయి. 1998లో ఆ రాష్ట్ర మాజీ ప్రధాని డేవ్ బారెట్ నాయకత్వంలో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. న్యూజీలాండ్‌లో 1990లలో మందు పెట్టని పైన్ కలప వాడటానికి అనుమతించారు, గోడకూ పై తొడుగుకూ మధ్య ఖాళీ లేకుండా కట్టారు. 2009లో వేసిన అంచనాలో ఆ నష్టం 1,130 కోట్ల న్యూజీలాండ్ డాలర్లు. ఇంజినీర్లు, ప్రభుత్వ తనిఖీలు అన్నీ ఉన్న దేశాలవి. ఆ అనుభవాల నుంచి నాలుగు సూత్రాలు తేలాయి. నీటిని గోడ మీద పడనీయకు. పడి లోపలికి దూరితే కిందికి జారిపోనీ. జారగా మిగిలితే ఆరిపోనీ. ఆరేలోపు తట్టుకునే సామాను వాడు. ఏ గోడా పూర్తిగా నీరు దూరనిది కాదు, అందుకని బయటికి దారి ఉంచు అన్నది వీటి సారం.

మేం చేసింది కూడా ఇదే.

ఒకటి: స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసుకుంటూ, మెత్తగా ఉన్నచోటే కాక దానికి అడుగు దూరం వరకూ గట్టి కలపలోకి కోసేశాం. కంటికి కనపడేదాని కంటే శిలీంధ్రం ముందుకు పోయి ఉంటుంది.

రెండు: గోడ విప్పి టార్పాలిన్ కట్టి మూడు వారాలు ఆరబెట్టాం. ఇదే అందరికీ విసుగు పుట్టించే పని, అందుకే అందరూ వదిలేసే పని.

మూడు: మిగిలిన కలపకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు రెండుసార్లు పూశాం. ఇది చెదలకూ శిలీంధ్రానికీ విషమే కానీ వానలో కరిగి పోతుంది, కాబట్టి పైన కప్పు ఉండాలి.

నాలుగు: కొత్త దూలం, కొత్త పలకలు. 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఇక్కడి అడవుల్లో చెట్ల నరికివేత మీద గట్టి ఆంక్షలు వచ్చాయి. అది మంచి పనే. దాని ఫలితం, చాథం ద్వీపంలో 1883 నుంచి రంపపు మిల్లు ఉన్న ఊళ్ళో మంచి కలప మాలాంటివాళ్ళకు తేలికగా దొరకదు. కూల్చిన ఒక పాత ఇంటి పడౌక్ దూలం కొన్నాం.

ఐదు: పలకల మీద తారు కాగితం, కిందినుంచి పైకి, పైది కిందిదాని మీదికి ఆరంగుళాలు వచ్చేట్టు. దాని మీద అంగుళం మందం నిలువు రీపర్లు. రీపర్ల మీద రేకు. అంటే రేకు వెనక అంగుళం ఖాళీ. దూరిన నీరు ఆ ఖాళీలో జారి కిందనుంచి పోతుంది, గాలి ఆడుతుంది. అడుగున సిమెంటు లేదు, ఎలుకలు రాకుండా సన్నని జాలీ ఉంది.

ఆరు: కిటికీ నెత్తిన అల్యూమినియం రేకు మడత, దాని పై అంచు తారు కాగితం కిందికి, కింది అంచు బయటికి వాలుగా. చూరు అడుగున్నర పొడవు పెంచాం. లోపలివైపు ప్లాస్టిక్ పెయింట్ గీకించి సున్నం వేయించాను. మేకుల బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు, మళ్ళీ విప్పి చూసుకునే వీలుండాలని.

ఖర్చు నాలుగు రంగుల ఖర్చు కంటే చాలా ఎక్కువే అయింది. కానీ 2010లోనే విప్పి ఉంటే రెండు పలకలతో, ఒక రేకుతో పోయేది.

ఇక మిమ్మల్ని, నన్ను ఇబ్బంది పెట్టే విషయానికి వస్తాను. మా బావగారు చెప్పినట్టు మంచం ఆ మూలనుంచి తీసేసి ఉంటే మా అమ్మ పడేది కాదు. ఆయన ఈ మాట నాతో అనలేదు. పెద్దమనిషి. నేనే అనుకున్నాను, చాలా రాత్రులు.

దీనికి నా దగ్గర ఉన్న జవాబు ఇది. మంచం జరిపినా గోడ కుళ్ళడం ఆగేది కాదు. ఏదో ఒక రోజు అక్కడ నిలబడ్డవాళ్ళు ఎవరో ఒకరు పడేవాళ్ళు. తప్పుడు కారణం చెప్పినవాడి సలహా ఒక్కోసారి మేలు చేయవచ్చు, కానీ అది ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు చేయదో ఆ కారణం చెప్పలేదు. ఇంతవరకూ నా వాదన గట్టిదే. కానీ ఇది నా సునామీ సిద్ధాంతానికీ అక్షరాలా వర్తిస్తుంది. ఆయనది దిక్కుల లెక్క, నాది భూకంపాల లెక్క. ఇద్దరం గోడ విప్పకుండానే మాట్లాడాం. మరక సునామీ తర్వాత వచ్చింది కాబట్టి సునామీ వల్లే వచ్చిందన్నాను. పిల్లి ఎదురొచ్చాక పని చెడింది కాబట్టి పిల్లి వల్లే చెడిందనేవాణ్ణి చూసి నేను ముప్పై ఏళ్ళు నవ్వాను. మరక 2006 తర్వాత కూడా వచ్చింది కదా? ఆ సంవత్సరం నాకు ఎందుకు గుర్తు రాలేదు? ఎందుకంటే సునామీలో నా తప్పేమీ లేదు.

ఆ గది గురించి నిజంగా పరిశీలన చేసింది మా అమ్మ ఒక్కతే. చప్పుడు వింది, వాసన పట్టింది, ఎప్పుడు వస్తోందో చెప్పింది. "గోడ ఏడస్తంది" అన్న మాటను పట్టుకుని నేను మొత్తం కొట్టిపారేశాను. ఆవిడ చెప్పిన తీరు మూఢంగా అనిపించింది కాబట్టి చెప్పిన విషయం కూడా మూఢమే అనుకున్నాను. చెప్పేవారి భాషను కాదు, చెప్పిన విషయాన్ని పరీక్షించాలి అని ఎన్నో సభల్లో చెప్పినవాణ్ణే. ఇంట్లో పాటించలేదు.

ఆ ఏడాది మే చివరలో మొదటి గాలివాన వచ్చిన రాత్రి అమ్మ గదిలో కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ ఆ గదిలోనే, ఆ గోడ పక్కనే పడుకుంటానంది. చెయ్యి అతికింది గానీ బిందె ఎత్తే బలం మళ్ళీ రాలేదు. రేకు మీద వాన బాజాలా మోగుతోంది. ఆవిడ కాసేపు గోడవైపు తిరిగి విని, "ఇప్పుడు బయటే పడతంది" అంది.

నేను అవునని అనలేదు. తెల్లారాక కింద రెండు స్క్రూలు విప్పి, ఒక రేకు ఎత్తి చూశాను. తారు కాగితం మీద సన్నగా నీరు జారి జాలీలోంచి పోతోంది. పలక పొడిగా ఉంది. అప్పుడు వెళ్ళి, "అవునే అమ్మా" అన్నాను. ప్రతి జనవరిలోనూ ఆ రేకు విప్పి చూస్తున్నాను. మీ ఇంట్లోనూ ఏళ్ళ తరబడి రంగు వేస్తున్న మరక ఏదైనా ఉంటే, వానలు మొదలయ్యేలోపు ఒకసారి దాని వెనక చూడండి. ఇంట్లో ఎవరైనా దాని గురించి ఏదైనా చెబుతుంటే ముందు అది రాసిపెట్టుకోండి.